అడుగు వరుసలో పేరు

ఆ రోజు పొద్దున అచ్యుతన్ మాష్, అంటే అచ్యుతన్ మాస్టారు, వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి గ్రంథాలయానికి వెళ్లాలి, కంప్యూటర్లో ఒక్క వరుస మార్చాలి, పుస్తకాల జాబితా అచ్చు తీయాలి, ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి పుట్టూ శనగల కూరా చల్లారకముందే ఇంటికి రావాలి. గొడుగు అందుకుంటూ భార్య మాలతితో ఈ మాటే చెప్పాడు. ఆమె "ఒక్క వరుసేగా" అంది. అని, పొయ్యి మీదికి ఎక్కించబోతున్న పుట్టు గొట్టాన్ని మళ్లీ పక్కన పెట్టేసింది. ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి.

చేరుకుళం గ్రంథాలయానికి ఆయన కార్యదర్శి అయి పన్నెండు రోజులైంది. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక రెండుసార్లు పోటీచేసి ఓడి, మూడోసారి ఒక్క ఓటు తేడాతో గెలిచాడు. ఓడినవాడు ఔసేప్. రబ్బరు షీట్ల వ్యాపారి, గొంతు పెద్దది, పదకొండేళ్లు అదే కుర్చీలో కూర్చున్నవాడు. ఇప్పుడు కమిటీలో మామూలు సభ్యుడిగా మిగిలాడు. ఓటమి తర్వాత ఔసేప్ కుర్చీ ఖాళీ చేశాడు, తాళాలు ఇచ్చాడు, మాష్ మెడలో దండ కూడా వేశాడు. గ్రంథాలయం కంప్యూటర్ మాత్రం ఎన్నిక జరిగిన సంగతి పట్టించుకోలేదు. అది అచ్చు వేసే ప్రతి కాగితం అడుగు వరుసలో "ఔసేప్, కార్యదర్శి" అనే వస్తోంది. పన్నెండు రోజులుగా మాష్ ఆ పేరు కొట్టేసి, పైన తన పేరు రాస్తున్నాడు. అలా కొట్టేసి రాసిన కాగితం చూసినప్పుడల్లా, గెలిచింది తానే అయినా దొడ్డిదారిన లోపలికి వచ్చినట్టు ఉండేది.

మామూలు రోజుల్లో అయితే సర్దుకునేవాడే. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి జిల్లా నుంచి జమీల మేడం వస్తోంది. ఏడాదికోసారి ఊరూరి గ్రంథాలయాలను చూసి గ్రేడు ఇచ్చే మనిషి. నాలుగువేల చిల్లర పుస్తకాల జాబితా, పుట పుటకూ అడుగున కార్యదర్శి పేరుతో, ఆమె చేతిలో పెట్టాలి. మొత్తం నూట పన్నెండు పుటలు. నూట పన్నెండు సార్లు ఔసేప్ పేరు కొట్టేయడం మాష్ వల్ల కాదు. కొట్టేయకుండా ఇవ్వడం అసలే కాదు.

ఆ కంప్యూటర్ మీద నడిచేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అందులో దాపరికం లేదు, ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చుకోవచ్చు. పుస్తకాల ప్రోగ్రామ్ కూడా ఒకప్పుడు ఊళ్లోని కాలేజీ పిల్లలు రాసి ఇచ్చిందే. ఈ విషయం మీద మాష్ రెండు ఉపన్యాసాలు ఇచ్చాడు. జ్ఞానం ఎవరి సొంత ఆస్తీ కాదని రెండింటిలోనూ బల్ల గుద్ది చెప్పాడు. తెరిచి చూడటం మాత్రం ఇవాళే మొదలు.

"ఇంత పొద్దున్నే వచ్చారేంటి మాష్?" అంది లైబ్రేరియన్ తంకమణి, తడిసిన పేపర్లు కర్రలకు గుచ్చుతూ.

"ఒక్క వరుస మార్చాలి తంకమణీ. ఐదు నిమిషాల పని."

తంకమణి ఇంకో పేపరు కర్రకు గుచ్చింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడ పనిచేస్తోంది. ఐదు నిమిషాలని చెప్పి లోపలికి వచ్చినవాళ్లను చాలామందిని చూసింది.

వరుస తొందరగానే దొరికింది. మాష్ ఔసేప్ పేరును ఒక్కో అక్షరంగా చెరిపాడు. ఆ పని మాత్రం నిదానంగా చేశాడు. తన పేరు కొట్టాడు. మనిషి రాసిన వరుసలు యంత్రానికి నేరుగా పనికిరావు కాబట్టి వాటిని అది నడవగలిగే రూపంలోకి మార్చాలి. దాన్నే కంపైల్ చేయడం అంటారు. 'మేక్' అని ఒక్క మాట కొడితే మిగతాది యంత్రమే చూసుకుంటుందని పుస్తకంలో ఉంది. మాష్ కొట్టాడు. తెర మీద జవాబు వచ్చింది: చేయవలసిన పనేమీ లేదు, అంతా తాజాగానే ఉంది.

"తాజాగా ఉందట," అన్నాడు మాష్ సంతోషంగా. ఒక పుట అచ్చు తీశాడు. అడుగు వరుసలో ఔసేప్ ఉన్నాడు.

మళ్లీ తెరిచాడు. తన పేరు అక్కడే ఉంది. మళ్లీ మేక్ కొట్టాడు. అంతా తాజాగానే ఉంది. అచ్చు తీస్తే ఔసేప్. మూడోసారి తన పేరు ముందు ఇంటిపేరు కూడా చేర్చి కొట్టాడు. ఔసేప్.

"ఇంకెక్కడో కూడా దాచి ఉంటాడు ఈ పేరు," అన్నాడు మాష్.

"ఎవరు మాష్?"

"ఇంకెవరు."

జిల్లా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రుల ఫోన్ గ్రూపులో రెండువందల పన్నెండు మంది ఉన్నారు. మాష్ అందులో రాశాడు: "ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేశాను. యంత్రం ఒప్పుకోవడం లేదు. సాయం కావాలి." పట్నంలో అచ్చు పని చేసే ప్రమోద్ అనే అతను రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"పాత ప్రోగ్రామ్ ఉండబట్టి అది కదలడం లేదు మాష్. దాన్ని చెరిపేయండి. అప్పుడు చచ్చినట్టు మొదటినుంచి కంపైల్ చేస్తుంది."

"చెరిపేస్తే ప్రమాదం ఏమీ లేదుగా?"

"ప్రమాదమేముంది? మళ్లీ తయారవుతుందిగా."

మాష్ చెరిపాడు. మేక్ కొట్టాడు. యంత్రం ఈసారి నిజంగానే పనిలోకి దిగి, నలభై మూడు వరుసల తప్పులు చూపించి ఆగిపోయింది. కొత్త ప్రోగ్రామ్ రాలేదు. పాత ప్రోగ్రామ్ లేదు. ఇప్పుడు ఔసేప్ పేరుతో కూడా అచ్చు తీయడానికి లేదు.

"చివరి వరుసలో ఏదో 'రెండో తప్పు' అంటోంది ప్రమోద్."

"చివరిది చదవకండి మాష్, మొదటిది చదవండి. మొదటిదే అసలు తప్పు. మిగతావన్నీ దాని వెనక ఏడ్చేవి."

మొదటి వరుస ప్రకారం, అచ్చుకు సంబంధించిన ఒక భాగం యంత్రంలో లేదు. పోయినేడు ఎవరో మొత్తం వ్యవస్థను కొత్తది చేసినప్పుడు అది పోయినట్టుంది. దాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చి పెట్టాలి. ఎలా పెట్టాలో ప్రమోద్ చెప్పి, గ్రూపులో ఏదో గొడవ అవుతోందని ఫోన్ పెట్టేశాడు. గొడవ మాష్ రాసిన దాని మీదే. 'ఉచిత' అన్న మాట ఎలా వాడతారు, ఇది ఉచితం కాదు, స్వేచ్ఛ అని ఒకరు. మాటల్లో ఏముంది, పని ముఖ్యం అని మరొకరు. తొమ్మిదిన్నరకు తొంభై సందేశాలు వచ్చాయి. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఒకరు కవిత పెట్టారు. ప్రమోద్ స్వేచ్ఛ పక్షాన దిగి, ఆ తర్వాత ఇక ఫోన్ ఎత్తలేదు.

కొత్త భాగం పెట్టాలంటే యంత్రం అధికారి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎన్నిక అయిన మర్నాడు దీని మీద మూడు గంటల సమావేశం జరిగింది. కొత్త పక్షానికి పాత పక్షం మీద నమ్మకం లేదు, పాత పక్షానికి కొత్త పక్షం మీద అసలే లేదు. చివరికి పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాలనీ, మొదటి ఆరూ ఔసేప్‌కు, తర్వాతి ఆరూ అచ్యుతన్ మాష్‌కు మాత్రమే తెలిసి ఉండాలనీ తీర్మానించారు. ప్రజాస్వామ్యమంటే ఇదేనని అధ్యక్షుడు ముగింపు మాటల్లో అన్నాడు.

మాష్ కాసేపు కిటికీలోంచి వాన చూశాడు. తర్వాత ఔసేప్‌కు ఫోన్ చేసి, అన్నను పిలిచినట్టు పిలిచాడు.

"ఔసేప్ చేట్టా, ఒకసారి గ్రంథాలయానికి రావాలి. మీ ఆరు అక్షరాలు కావాలి."

"దేనికి మాష్?"

"ప్రోగ్రామ్‌కి చిన్న రిపేరు."

"నా కాలంలో దానికి రిపేరు రాలేదే."

"ఇప్పుడొచ్చింది. వస్తారా?"

"రబ్బరు షీట్లు పొగగదిలో పెట్టించాలి. అయినా ఏమైందో నిజం చెప్పండి మాష్."

"చెరిపేశాను."

ఔసేప్ అప్పుడు కుంజాలి టీకొట్లో ఉన్నాడు. "చెరిపేశారా? గ్రంథాలయం జాబితా చెరిపేశారా?" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, కానీ గొంతు అలాంటిది. కొట్లో వానకు ఆగిన పదకొండు మంది చేతుల్లోని పరిప్పువడలు నోటిదాకా వెళ్లి ఆగాయి. మాట టీకొట్టు దాటేసరికి జాబితా చెరిపారని ఉంది. బస్టాపు దగ్గర పుస్తకాలు పోయాయని అయింది. వంతెన దాటాక, నాలుగువేల పుస్తకాలు పాత కాగితాల వాడికి తూకానికి వేశారని స్థిరపడింది.

పదిన్నరకు గ్రంథాలయం గోడ మీద ఎర్ర సిరా పోస్టరు పడింది: 'అక్షరాన్ని చెరిపిన చేతులు జవాబు చెప్పాలి.' పదకొండుకు దాని పక్కనే నీలం సిరాతో ఇంకొకటి: 'పదకొండేళ్ల కుళ్లు బయటపడింది.' ఇది మాష్ పక్షం వాళ్లది. దాన్ని అతికించినవాడు, విజయన్ అనే ఆయన, కిటికీలోంచి తల పెట్టాడు.

"మాష్, వాళ్లు పన్నెండింటికి ఊరేగింపుగా జాథా తీస్తున్నారు. మనదీ పన్నెండింటికే. మీరు వచ్చి ప్రారంభించాలి."

"నేను కంపైల్ చేస్తున్నాను విజయా."

"మంచిది. ఆ మాట ప్రసంగంలో పెడతాం."

"అది పోరాటం కాదయ్యా."

"జనానికి తెలియదు కదా మాష్."

ఔసేప్ ఒంటిగంటకు వచ్చాడు, వెంట ఆరుగురు సాక్షులతో. ముండు పంచె మోకాళ్ల పైకి మడిచి కట్టి, కుర్చీ ఎదురుగా నిలబడి, గది నాలుగు మూలలూ చూశాడు. పుస్తకాలన్నీ అలమారాల్లోనే ఉండటం చూసి కొంచెం వెనక్కి తగ్గాడు.

"అందరూ గోడవైపు తిరగండి," అన్నాడు.

మాష్ తిరిగాడు, సాక్షులు తిరిగారు, తంకమణి తిరిగింది. గోడ మీద వరుసగా పోయిన అధ్యక్షుల ఫోటోలు. వెనక ఒక్క వేలితో కొడుతున్న చప్పుడు.

"ఆరన్నారు, ఏడుసార్లు కొట్టారు," అన్నాడు ఒక సాక్షి.

"ఒకటి తప్పు పడితే చెరిపాను. నువ్వు గోడ చూడు."

తర్వాత మాష్ వంతు. ఈసారి ఔసేప్ తిరిగాడు. పాస్‌వర్డ్ తప్పని యంత్రం అంది. తప్పు ఎవరి ఆరింటిలో ఉందో అది చెప్పదు. ఆ సంగతి మీద పావుగంట చర్చ జరిగింది. ఇంకోసారి అందరూ తిరిగారు. ఇంకోసారి తప్పే. మూడోసారికి లోపలికి వెళ్లనిచ్చింది. మాష్ తన ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు కలిపి, ప్రమోద్ చెప్పిన వరుస కొట్టాడు. యంత్రం కాసేపు ఆలోచించి ఒక జవాబు ఇచ్చింది. మాష్ దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు ఔసేప్.

"ఇది ఇంకా చెల్లదంటోంది. ఐదువేల ఆరువందల తొంభై రోజులు ఆగాలట."

ఔసేప్ వేళ్ల మీద లెక్క వేశాడు. "అంటే పదిహేనేళ్లు దాటుతుంది. అప్పటికి మనం ఉంటామా మాష్?"

ఆ ప్రశ్నకు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎన్నికల తర్వాత వాళ్లిద్దరూ ఒకే విషయం గురించి బాధపడటం అదే మొదటిసారి. బయట జాథాలు రెండూ ఊరు చుట్టి గ్రంథాలయం ముందుకు ఒకేసారి వచ్చాయి. అప్పుడే వాన పెద్దదైంది. ఉన్నది ఒక్క వరండా. రెండు పక్షాలూ అందులోకే ఎక్కి, భుజం భుజం తగిలేలా నిలబడి, వంతులవారీగా నినాదాలు ఇస్తున్నాయి. ముందు దిగిపోతే వరండా ఎదుటివాళ్లదైపోతుంది కాబట్టి ఎవరూ దిగడం లేదు. గడియారం రెండు దాటింది.

"దానికి ఇవాళ ఏ సంవత్సరమో తెలీదు మాష్," అంది తంకమణి. ఆమె ఇంకా గోడవైపే ఉంది. తిరగమని ఎవరూ చెప్పలేదు.

"ఏంటి?"

"కంప్యూటర్‌కి. లోపల బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది కదా, అది పోయి మూడేళ్లైంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానికి రెండువేల పది జనవరి ఒకటో తారీకు. నేను పుస్తకాలిచ్చేటప్పుడు గోడ మీది కేలెండరు చూసి తేదీ కొడతాను."

"ఇంత ముఖ్యమైన సంగతి కమిటీకి చెప్పొద్దా?"

"చెప్పాను. మినిట్స్‌లో కూడా ఉంది. పరిశీలించడానికి ఉపసంఘం వేశారు."

"ఆ ఉపసంఘం ఏం చేసిందంట?" అన్నాడు మాష్ కోపంగా.

"కన్వీనర్ మీరే మాష్."

ఔసేప్ దగ్గి, కిటికీ వైపు చూశాడు.

పొద్దుటినుంచి జరిగిందంతా మాష్‌కు అప్పుడు అర్థమైంది. మేక్ అనేది తేదీలు చూస్తుంది. వరుసలు మారినది ప్రోగ్రామ్ తయారైన తర్వాతైతేనే మళ్లీ కంపైల్ చేస్తుంది. యంత్రం లెక్కలో ఆయన ఇవాళ చేసిన మార్పు పదిహేనేళ్ల కిందటిది, పాత ప్రోగ్రామేమో దానికన్నా కొత్తది. అందుకే అంతా తాజాగానే ఉందని చెప్పింది. తెచ్చిపెట్టబోయిన భాగం కూడా దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. ఔసేప్ ఎక్కడా ఏమీ దాచలేదు. ఆ సంగతి మాష్‌కు కొంచెం నిరాశ కలిగించింది.

తేదీ మార్చడానికి మళ్లీ పాస్‌వర్డ్ కావాలి. అందరూ మళ్లీ గోడవైపు తిరిగారు. ఈసారి ఒక్కసారికే పని అయింది. భాగం వచ్చింది. మాష్ మేక్ కొట్టాడు. వరుసలు గబగబా పైకి పరుగెత్తాయి. ఆయన మొదటి వరుస మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు నలభైకి ప్రోగ్రామ్ తయారైంది. తంకమణి ప్రింటర్లో కాగితాలు పెట్టింది. మొదటి పుట వెచ్చగా బయటికి వచ్చింది. అడుగు వరుసలో 'అచ్యుతన్, కార్యదర్శి' అని ఉంది. మాష్ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు, అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపే.

ఔసేప్ ఆయన భుజం మీదుగా చదివాడు.

"ఇందుకా మాష్ నన్ను పిలిచింది?"

మాష్ ప్రింటర్లోంచి రెండో పుట అందుకుని మొదటిదాని కింద పెట్టాడు.

"నన్ను వానలో రప్పించి, నా చేతే నా పేరు తీయించారన్నమాట." గొంతు పెద్దది చేయకుండా ఔసేప్ మాట్లాడటం సాక్షులు ఎప్పుడూ వినలేదు. వాళ్లు చెప్పులు చూసుకున్నారు.

జమీల మేడం సరిగ్గా మూడింటికి వచ్చింది. వరండాలోని రెండు పక్షాలూ ఆమెకు దారి ఇచ్చాయి, రెండూ నమస్కారం పెట్టాయి. ఆమె తడి గొడుగు మూలన ఆనించి, ప్రింటర్ పక్కన నిలబడి, వచ్చిన పుటను వచ్చినట్టే అందుకుంటూ చదవడం మొదలుపెట్టింది. నూట పన్నెండు పుటలూ పూర్తయ్యాయి. మాష్ కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రింటర్ ఆగలేదు. ఇంకో మూడు పుటలు వేసింది.

"ఇవేంటి?" అంది మేడం.

"గడువు దాటినా పుస్తకాలు తిరిగివ్వని వాళ్ల జాబితా మేడం," అంది తంకమణి. "ప్రోగ్రామ్ చివర్లో ఎప్పుడూ వేస్తుంది. మూడేళ్లుగా ఖాళీ కాగితం వచ్చేది. దాని లెక్కలో రెండువేల పదే కాబట్టి ఎవరి గడువూ దాటలేదు."

"మీరు అడిగేవారు కాదా?"

"అడిగేదాన్ని. కంప్యూటర్లో నా పేరు వచ్చిందా అని ఎదురు అడిగేవారు."

మేడం కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది. అందరికన్నా ఎక్కువ ఉంచుకున్నవాళ్లు ముందు వస్తారు. మొదటి పేరు అచ్యుతన్. పద్నాలుగు పుస్తకాలు, అందులో మూడు గ్రంథాలయ నిర్వహణ మీదివి. రెండో పేరు అధ్యక్షుడిది. మూడోది విజయన్‌ది. కిటికీ తెరిచే ఉంది. వరండాలో నినాదాలు ఒక వైపు తగ్గాయి, తర్వాత రెండో వైపు కూడా తగ్గాయి. ఆమె తొందరపడకుండా, పుస్తకాల పేర్లతో సహా చదువుతోంది. ఒక్కో పేరుకూ వరండా చివర ఒక్కో గొడుగు తెరుచుకుని వానలోకి దిగిపోయింది. రెండో పుట సగానికి వచ్చేసరికి అక్కడ జెండాలు మాత్రమే గోడకు ఆనించి ఉన్నాయి.

"పదిహేడో నియమం మీకు తెలిసే ఉంటుంది మాష్," అంది మేడం. "ఏడాదికి మించి పుస్తకం ఉంచుకున్న సభ్యుడు పదవిలో ఉండకూడదు."

"తెచ్చేస్తాను. ఇంట్లోనే ఉన్నాయి."

"తెచ్చేయండి. వచ్చే ఎన్నికకు పనికొస్తుంది." ఆమె కమిటీ సభ్యుల పట్టీ తీసి, జాబితా పక్కన పెట్టి పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయింది. పదకొండు మందిలో పది మంది జాబితాలో ఉన్నారు. "ఔసేప్ ఎవరు?"

"నేనే మేడం."

"మీ దగ్గర ఒక్క పుస్తకం కూడా లేదే."

ఔసేప్ ముండు మడత విప్పి పెద్దమనిషిలా కిందికి వదిలాడు. సాక్షులు ఆయన వైపు గౌరవంగా చూశారు.

"ఆయన ఇంతవరకూ ఒక్క పుస్తకం కూడా తీసుకెళ్లలేదు మేడం," అంది తంకమణి.

"పేపరు రోజూ చదువుతాను," అన్నాడు ఔసేప్.

మేడం పెన్సిలు పక్కన పెట్టింది. "మళ్లీ ఎన్నిక జరిగేదాకా మీరే కార్యదర్శి. లేకపోతే సంతకం చేసేవాళ్లు లేక ఈ గ్రంథాలయానికి గ్రేడే ఉండదు. కానీ సంతకం చేసేవారి పేరూ కింద అచ్చైన పేరూ ఒకటే అయి ఉండాలి. ఇది తీసుకోలేను. నాలుగున్నర బస్సుకు వెళ్లాలి, ఆలోపు కొత్తగా తీసివ్వండి."

ఔసేప్ కంప్యూటర్ వైపు చూశాడు. పదకొండేళ్లలో ఆయన దాని మీద కొట్టింది ఆ పాస్‌వర్డ్ ఆరు అక్షరాలే. ప్రమోద్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. గ్రూపులో సందేశాలు నాలుగువందలు దాటాయి. సాక్షులకు తెలిసిన యంత్రం రబ్బరు ఒత్తే యంత్రమొక్కటే.

"మాష్," అన్నాడు ఔసేప్ చివరికి. "మీకు మాత్రమే వచ్చు ఈ పని."

అచ్యుతన్ మాష్ లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు. వరుస తెరిచాడు. తన పేరు చెరిపాడు. కొత్త కార్యదర్శి పేరు కొట్టి, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడమని ఔసేప్‌నే అడిగాడు. సరిగ్గానే ఉన్నాయన్నాడు ఔసేప్.

మాష్ మేక్ అని కొట్టాడు. ఒక్క తప్పు కూడా రాకుండా నాలుగు సెకన్లలో అయిపోయింది.